సిడ్నీ విందుకు మాంసం

నేను మాట పడేవాణ్ని కాదు. ఊళ్ళో ఎవర్నడిగినా చెబుతారు, ఆర్విల్ నోట్లో నోరు పెట్టొద్దని. కానీ పోల్డీన్ అత్త తిట్టిన తిట్లు మాత్రం తల వంచుకుని పడ్డాను, రెండు రోజులు.

తమ్ముడు సిడ్నీ పోయి ఏడాదైంది. శనివారం వాడి పేరున ఊరందరికీ విందు. మూస్ దుప్పి మాంసం లేనిదే అది విందే కాదు. పోయినవాడు ఆకలితో తిరుగుతాడు. బుధవారం పొద్దున్నే వేటలో మంచి మగ మూస్ పడింది. చర్మం ఒలిచి, కాళ్ళూ పక్కటెముకలూ విడదీసి పడవలో వేశాను. కాకులు పొడుస్తాయని నీలం పట్టా కప్పి తాళ్ళతో బిగించాను. సెప్టెంబరులో అంత ఎండ నేనెరగను. అయినా సాయంత్రానికి ఊరు చేరతాను కదా అనుకున్నాను. సగం దారిలో మోటారు చచ్చింది.

యూకాన్ ఏటి వాలున తెడ్డేసుకుంటూ వచ్చి అత్త చేపలు పట్టే మకాం దగ్గర ఒడ్డెక్కాను. మా నాన్న చెల్లెలు. డెబ్బై నాలుగేళ్ళు, ఒక్కతే, కుక్కలతో. నన్ను చూసి నవ్వింది. పట్టా ఎత్తేసరికి ఆ నవ్వు పోయింది.

"ఏరా, మాంసానికి దుప్పటి కప్పావా? చలేస్తోందని చెప్పిందా నీతో?"

"కాకులత్తా..."

"కాకి ఎంత తింటుందిరా? గుప్పెడు! ఉక్క మొత్తం తినేస్తుంది."

వెనక కాలి తుంటి దగ్గర ముక్కు ఆనించి వాసన చూసింది. ఇది కుళ్ళితే సిడ్నీకి ఏం పెట్టను? ఏ మొహంతో ఊళ్ళోకి పోను?

"ఇంకా పోలేదు. ఎముక దగ్గర మాత్రం కాగుతోంది," అంటూ కత్తి తీసి కీలు దాకా కోసి తెరిచింది. లోపల్నుంచి ఆవిరొచ్చింది. కడుగుదామని నేను బకెట్టుతో నీళ్ళు తెచ్చాను.

"నీళ్ళు తగిలించావో, చేతులు విరగ్గొడతా! తడి తగిలితే ఇంకా తొందరగా కుళ్ళుతుంది."

చేపలు ఎండేసే రేకుల పందిరి ఖాళీ చేసి, దండేలకు మాంసం వేలాడదీయించింది. ముక్కకీ ముక్కకీ మధ్య చెయ్యి దూరేంత ఎడం. కింద పుచ్చు కర్రతో పొగ.

"పొగ చాలు, మంట లేవకూడదు. ఈగలు పోవాలి గానీ మాంసం ఉడక్కూడదు."

నేను మోటారు విప్పుకుంటూ కూర్చున్నాను. ఆవిడ మాత్రం ఆ పొగలోంచి కదిలితే ఒట్టు! మంట లేస్తే తడి ఆకు వేసేది, ఎండ పడితే ముక్కని నీడకి జరిపేది, గంటకోసారి తుంటిలో వేలు పెట్టి చూసేది. కళ్ళు చింతనిప్పులయ్యాయి. నడుం పట్టేసినా కూర్చోలేదు. అబ్బ, ఏం మనిషి! ఆవిడ వయసులో సగం లేనివాళ్ళని చూశాను, ఒక్క పూట అలా నిలబడలేరు.

శుక్రవారం మధ్యాహ్నానికి మోటారు పలికింది. మాంసం పైన పొర కట్టి ఎండింది. తుంటి దగ్గర నన్నూ వాసన చూడమంది. చల్లగా, శుభ్రంగా ఉంది.

పడవలోకి మోస్తుంటే అప్పుడు కనబడ్డాయి, కుక్కల ముందు. పందిరిలోంచి దింపిన చేపలు. సగం ఎండినవి కాస్తా బయట గురువారం వానకి తడిసి కుళ్ళిపోయాయి. ఆవిడ చలికాలమంతా తినేది అవే.

"అత్తా! నీ చేపలు..."

"చేపలు మళ్ళీ పడతాయిరా. సిడ్నీకి ఏడాది విందు మళ్ళీ పెడతావా?"

పడవ అంచు పట్టుకుని భోరున ఏడ్చాను. తర్వాత ఆవిడని కూడా ఎక్కించుకుని బయల్దేరాను.

శనివారం మొదటి ముక్క సిడ్నీకి అందాలని మంటలో వేశాను. రెండోది అత్తకి పెట్టాను.