పసిరికకు వేసిన ముడి

బీడీలు చుట్టే తునికాకు కట్టలు కట్టే వేళ ఆ తండాలో ఒక మర్యాద ఉంది. కథ చెప్పేవాడు కట్టలు కట్టనక్కర్లేదు, అతని ఆకును వినేవాళ్లే పంచుకుని కట్టేస్తారు. అందుకే దేవ్లా చేతులు ఏ వేసవిలోనూ నార పట్టి ఎరగవు. కొండచిలువ మింగిన గేదెకు పాము పొట్టమీంచే పాలు పితికానన్న కథతో ఇన్నేళ్లూ దర్జాగా నెట్టుకొచ్చాడు.

ఈ ఏడు ఆ దర్జాకు తండా కుర్రాడు హరిలాల్ అడ్డం తగిలాడు.

"భద్రాచలం రోడ్డు మీద వస్తుంటే చెట్టు మీంచి పసిరిక పాము నా బండి హ్యాండిల్ మీద పడ్డది. పచ్చగ, తీగ లెక్క. భయపడ్తదేమో అనుకున్న. అదేమో అద్దంల మొకం చూస్కుంట కూసున్నది!"

పక్కన కట్టలు కడుతున్న సక్రి పడీపడీ నవ్వి, హరిలాల్ ఆకుకుప్పను తన ముందుకు లాక్కుంది. నిరుడు ఆ చెయ్యే తన కుప్పను లాక్కుంది కదా అనుకుని దేవ్లా ఓర్వలేక ముందుకు జరిగాడు.

"మా గేదె సంగతి చెప్పాల్నా?" అన్నాడు.

"వద్దు కాకా, ఆ గేదె ముసల్దైంది. పాలు ఎండిపోయినయ్," అంది సక్రి.

"ఇగ కట్టు," అంటూ దేవ్లా పెళ్లాం రూప్లి కాసింత నార అతని ఒళ్లో పడేసింది.

దేవ్లా కట్టాడు. చేతులు ఆకుల మీద, చూపు మాత్రం హరిలాల్ మీద. నార అయిపోతే అటే చూస్తూ వెనక పొదలోకి చెయ్యి చాపి, చేతికందిన పచ్చి తీగను లాగి, కట్టకు చుట్టి ముడి బిగించాడు.

ముడి కదిలింది. సన్నటి మూతి పైకెత్తి అతన్ని చూసింది.

"ఓయమ్మో!"

కట్ట ఎగిరి అవతల పడింది. పసిరిక ముడి విప్పుకుని, అవమానం పడ్డట్టు పొదలోకి జారుకుంది.

"ఇనుండ్రి! మా కాకా పాముతోని కట్ట..." అని హరిలాల్ అందుకున్నాడు.

"నువ్వాగు! ముడేసింది నేను!" దేవ్లా లేచి నిలబడ్డాడు. "అది నాతోని ఏమన్నదో ఎరుకేనా? 'కాకా, జర వదులుగ కట్టు, ఊపిరాడ్తలేదు' అన్నది."

కల్లమంతా ఘొల్లున నవ్వింది. కథ సాగదీస్తూనే దేవ్లా హరిలాల్ ముఖంలో కుళ్లు కోసం వెతికాడు. ఎక్కడా దొరకలేదు. హరిలాల్ అందరికంటే గట్టిగా నవ్వుతూ, దేవ్లా ఆకుకుప్పను తన ముందుకు లాక్కుని కట్టలు కడుతున్నాడు.

పాము కాటేసినా అంత మండేది కాదు.