నీళ్లడగని మొక్కలు

చూపుడువేలు కుండీలోకి రెండో కణుపు దాకా దించి, కళ్లు మూసుకుని కాసేపు ఆగాడు మట్టయ్య. అడుగున తడి తగిలింది. వేలు బయటికి తీసి పంచెకు తుడుచుకుని పక్క కుండీకి జరిగాడు. దానికీ నీళ్లు అక్కర్లేదు. తెల్లవారుజామున మొదలుపెట్టిన పని, ఎండ గోడ దిగేసరికి ఇంకా సగంలోనే ఉంది. నాలుగు వందల కుండీలు, నాలుగు వందల సార్లు అదే వేలు. చూసేవాళ్లకు ఇదొక పనిలాగే అనిపించదు. మాలి అన్నాక చేతిలో పైపు ఉండాలి, నీళ్లు చిమ్ముతూ ఉండాలి. నీళ్లు పొయ్యకుండా ఉండటమే పనిగా పెట్టుకున్న మాలి మిర్యాలగూడ మొత్తం మీద ఇతనొక్కడే.

పొట్టి మనిషి. అరవైకి రెండేళ్లు తక్కువ. చిన్నప్పటి నుంచి గొర్ల వెంట తిరిగిన కాళ్లు కనుక పిక్కలింకా గట్టిగానే ఉన్నాయి. నడుం మాత్రం కుండీల మీదికి వంగి వంగి వంపు తిరిగిపోయింది. కుడిచేతి గోళ్లకింది మట్టి ఏ సబ్బుకూ లొంగదు. బువ్వ తినేటప్పుడు కూడా ఆ వేళ్లకు రోజ్‌మేరీ ఆకు వాసన ఉంటుంది. మొదట్లో ఆ వాసనకు వెలపరం పుట్టేది, ఇప్పుడు అది లేకపోతే ముద్ద దిగదు.

నడిగూడెంలో అతనిది గొల్ల కుటుంబం. వానలు మొహం చాటేసిన ఏడాది మందను అమ్ముకుని, రైస్ మిల్లు గోపాలకృష్ణ సేటు ఇంట్లో మాలిగా చేరాడు. ఆ ఏడే సేటు ఇంటి బోరూ ఎండింది. గులాబీలు, చామంతులు, పచ్చిక అన్నీ మాడి మసయ్యాయి. బతికింది ప్రహరీ వారనున్న గన్నేరు ఒక్కటే. సేటు భార్య గిరిజమ్మ దాన్ని చూసి ఆశ్చర్యపోయింది. మధ్యధరా సముద్రం పక్కన రాళ్ల కొండల్లో వేసవంతా చినుకు పడకపోయినా ఈ గన్నేరూ, దీనిలాంటి పొదలూ పూస్తూనే ఉంటాయని ఎక్కడో చదివింది. లావెండర్, రోజ్‌మేరీ మొక్కలు పెట్టెల్లో తెప్పించింది.

మొదటి ఏడాది వాటన్నిటినీ మట్టయ్యే చంపాడు. పొద్దున చెంబెడు, మాపటికి చెంబెడు నీళ్లు పోసి చంపాడు. వేళ్లు కుళ్లిన మొక్కలు పీకి చూపిస్తూ, "ప్రేమ ఎక్కువై సచ్చినయమ్మా" అన్నాడు. ఆ తర్వాత మట్టి సంగతి పట్టించుకున్నాడు. మఠంపల్లి నుంచి సున్నపురాయి ముక్కలు తెప్పించి కొట్టాడు. దొడ్డు ఇసుక జల్లెడ పట్టాడు. మిల్లు బాయిలర్ నుంచి వచ్చే ఊక బూడిద కలిపాడు. అదీ కొత్త బూడిద కాదు. మిల్లు వెనక ఒక వానాకాలమంతా తడిసి ఘాటు పోయిన బూడిద. కొత్తది వేస్తే వేరు మాడిపోతుంది. ఆ సంగతి ఎవరూ చెప్పలేదు, రెండేళ్లు మొక్కల్ని పోగొట్టుకుని తనే నేర్చుకున్నాడు. మూడో ఏడు లావెండర్ నీలంగా పూసినప్పుడు కూలబడి ఏడ్చాడు. ఎవరూ చూడలేదు కాబట్టి సరిపోయింది.

ఇంటికి వచ్చిన చుట్టాలు తోట చూసి ముక్కున వేలేసుకుంటే మట్టయ్య ఛాతీ ఉబ్బేది. "ఇవి మనిషిని అడగవు సార్. నెల రోజులు ఊరికి పోయి వచ్చినా గిట్లనే ఉంటయి" అని గొప్పగా చెప్పేవాడు. గిరిజమ్మ పక్కనే నిలబడి నవ్వుతూ వినేది.

కిందటి దీపావళి తర్వాత ఆమే ఒక మాట అంది. "మునగాల కాడ హైవే పక్కన మన జాగా ఉంది కదా మట్టయ్యా. అక్కడ ఈ మొక్కల నర్సరీ పెడదాం. నువ్వే చూసుకుందువు. పొద్దుమూకంగనే ఇంటికి పోవచ్చు."

ఆ చివరి మాట దగ్గరే మట్టయ్య మనసు ఆగిపోయింది. పదకొండేళ్లుగా అతను సేటు ఇంటి మోటారు గదిలో, భార్య వీరమ్మ మునగాల పక్కనే ఉన్న నడిగూడెంలో. నెలకు రెండు రోజులు ఇంట్లో చుట్టంలా కూర్చుని వచ్చేవాడు. పెళ్లాం చేతి వంట రోజూ తినాలన్నది పెద్ద కోరికేం కాదు. అతనికున్నది మాత్రం అదొక్కటే.

అప్పటి నుంచి ఆర్నెల్లపాటు కొమ్మలు కత్తిరించి నాటి నాలుగు వందల మొక్కలు తయారుచేశాడు. ఆదివారాలు గిరిజమ్మ ఫోన్ పట్టుకుని వచ్చేది. కొమ్మ ఎక్కడ కొయ్యాలి, రాళ్లు ఎన్ని పాళ్లు, బూడిద ఎన్ని పాళ్లు, వేలు ఎంత లోతు దించాలి అని అడుగుతూ వీడియోలు తీసేది. మట్టయ్య ఉతికిన అంగీ తొడుక్కుని నిలబడి అన్నీ విడమరిచి చెప్పేవాడు. నర్సరీకి వచ్చేవాళ్లకు చూపిస్తారనుకున్నాడు. గొర్రెను నమ్మినట్టే మనిషినీ నమ్మటం అతనికి అలవాటు.

ఈ రోజే నర్సరీ ప్రారంభం. మిల్లు వ్యాన్‌లోకి కుండీలు ఎక్కిస్తుంటే ఫోన్ మోగింది.

"బయలెల్లిన్రా?" వీరమ్మ గొంతు.

"ఇగో, ఎక్కిస్తున్నం. ఇయ్యాల్టి సంది రాత్రి బువ్వ ఇంట్లనే. జర ఎక్కువ వండు."

"గా మాట ఎన్నిసార్లు చెప్తవ్? నాలుగొద్దుల సంది గిదే పాట."

"చెప్తే ఏం పోయింది?"

ఆమె నవ్వి పెట్టేసింది. మట్టయ్య ముందు సీట్లో కూర్చోలేదు. వెనక కుండీల మధ్య చోటు చేసుకుని, వాలిపోయేవాటికి మోకాళ్లు అడ్డం పెట్టాడు. హుజూర్‌నగర్ దాటేసరికి వ్యాన్ ఇనుము కాలి వీపు చురుక్కుమంది. రోళ్లు పగిలే రోహిణి కార్తె మరి. కోదాడ దాటి హైవే ఎక్కాక రోడ్డు మధ్య గన్నేర్లు వరసగా కనిపించాయి. లారీల పొగలో దుమ్ము కొట్టుకుపోయి కూడా గులాబీరంగు పూలు. అయినవాళ్లు కనిపించినట్టు వాటికేసి చూస్తూ కూర్చున్నాడు.

మునగాల జాగాలో టెంట్ వేశారు. మైకు, కుర్చీలు, రిబ్బను అన్నీ ఉన్నాయి. బిల్లుల బల్ల వెనక కుర్చీలో గిరిజమ్మ అక్క కొడుకు యోగేష్ కూర్చుని ఉన్నాడు, కొత్త తెల్లచొక్కాలో. చుట్టాలబ్బాయి సాయానికి వచ్చాడనుకున్నాడు మట్టయ్య. కుండీలన్నీ దించి, ఎండ పొడ తగలకుండా టెంట్ నీడలో వరసలు పేర్చాడు. చొక్కా తడిసి ముద్దయింది. వెళ్లి అందరికన్నా వెనక నిలబడ్డాడు.

గోపాలకృష్ణ సేటు మైకు అందుకున్నాడు. వచ్చినవాళ్లకు దండాలు పెట్టాడు. నీటి పొదుపు గురించి రెండు ముక్కలు చెప్పాడు. "ఇక నుంచి ఈ నర్సరీ బాధ్యతలు మా యోగేష్ చూసుకుంటాడు. ఇన్నేళ్లు మాకు సేవ చేసి, ఇయాల విశ్రాంతి తీసుకుంటున్న మట్టయ్య గారికి చిన్న సన్మానం" అన్నాడు.

జనం చప్పట్లు కొట్టారు. మట్టయ్య కూడా కొట్టాడు. పదకొండేళ్లలో అతన్ని ఎవరూ గారు అనలేదు. ఆ పేరుతో ఇంకెవరో పెద్దమనిషి వచ్చారేమోనని మెడ సాచి చూశాడు. అందరి మొహాలూ తనవైపే తిరిగి ఉన్నాయి. అప్పుడు అర్థమైంది. చేతులు చప్పట్ల మధ్యలోనే ఆగిపోయాయి.

ఎవరో వెనక నుంచి ముందుకు తోశారు. సేటు ఎర్ర శాలువా కప్పాడు. ఫొటో తీశారు. మంటలాంటి ఎండలో మెడచుట్టూ ఆ బరువైన గుడ్డతో, ఒళ్లంతా చెమటతో నిలబడ్డ మట్టయ్య మెల్లగా అడిగాడు.

"సేటూ, గిది నన్ను చూసుకొమ్మంటిరి గదా?"

సేటు మైకు పక్కకు పెట్టి గొంతు తగ్గించాడు. "ఆన్‌లైన్ ఆర్డర్లు, బిల్లులు, అన్నీ ఉంటయి మట్టయ్యా. నీతోని ఏడయితది?"

"మరి మిర్యాలగూడ తోట?"

సమాధానం గిరిజమ్మ చెప్పింది, అతని కళ్లలోకి చూడకుండా. "దాన్ని వారానికోసారి ఒకరొచ్చి చూసిపోతే చాలు. ఇవి మనిషిని అడగని మొక్కలని నువ్వే చెప్తివి కదా."

తన మాటే. ఎంత మురిసిపోతూ చెప్పుకున్న మాట! సేటు మీద మట్టయ్యకు అంత కోపం రాలేదు. వ్యాపారస్థుడు, లాభం చూసుకుంటాడు. కానీ ఆదివారాలు ఫోన్ పట్టుకుని "ఇంకోసారి చెప్పు మట్టయ్యా, నిమ్మళంగ చెప్పు" అని అంత ఆప్యాయంగా అడిగిన ఆ తల్లి! తను ఒక్కొక్కటే చెబుతుంటే, ఒక్కొక్కటే తనతో అవసరం తీరిపోతోందని ఆమెకు అప్పుడే తెలుసు. ఏరు దాటాక తెప్ప తగలేస్తారని విన్నాడు. ఇక్కడ తెప్ప చేతనే అగ్గిపుల్ల గీయించారు. మోసం అంటే ఇంత మెత్తగా ఉంటుందని అతనికి తెలియదు.

యోగేష్ టెంట్ వెనక పెద్ద కుండీల కోసం మట్టి కలిపిస్తున్నాడు. ఫోన్‌లో మట్టయ్య గొంతు వినిపిస్తోంది. రాళ్లు ఇన్ని పాళ్లు, ఇసుక ఇన్ని పాళ్లు, బూడిద ఇన్ని పాళ్లు. కూలీలు అలాగే పోస్తున్నారు. బూడిద నల్లగా మెరుస్తోంది. నిన్నో మొన్నో బాయిలర్ నుంచి తెచ్చింది. పారతో ఎత్తితే ఇంకా ఘాటు వాసన ముక్కుకు కొడుతోంది. వానలో నానిన బూడిద కావాలని మట్టయ్య వీడియోలో చెప్పలేదు. దాచిపెట్టలేదు, మిల్లు వెనక పాతకుప్ప ఎప్పుడూ ఉండేది కనుక చెప్పాలని తోచలేదు.

ఎల్లుండికల్లా మొక్కలు ఆ మట్టిలోకి మారతాయి. వారంలో ఆకు కొసలు మాడతాయి. మట్టయ్య పెదాలు కదిలాయి.

గిరిజమ్మ దగ్గరికొచ్చింది. "పోయే ముందు మా యోగేష్‌కు ఇంకేమన్నా చెప్పేదుందా మట్టయ్యా?"

ఆమెను తేరిపార చూశాడు.

"అంతా ఫోన్ల ఉన్నది గదమ్మా" అన్నాడు.

పదకొండేళ్లలో ఒక మొక్కకు తెలిసి చేసిన కీడు ఇదొక్కటే. తప్పని తెలుసు. అయినా నోరు తెరవలేదు. భోజనాలకు పిలుస్తున్నారు. అతను ఆకు ముందు కూర్చోలేదు. పొద్దుగూకకముందే నడిగూడెం చేరొచ్చు. రాత్రి బువ్వ ఇంట్లోనే, రేపూ ఇంట్లోనే, ఎల్లుండీ ఇంట్లోనే. కోరుకున్నది కోరుకున్నట్టే దొరికింది. పని పోయిందని వీరమ్మకు ఎలా చెప్పాలో మాత్రం తెలియడం లేదు.

రోడ్డు వైపు నాలుగడుగులు వేసి ఆగాడు. పొద్దు వాలి టెంట్ నీడ పక్కకు జరిగింది. చివరి వరసలో తను దించిన రోజ్‌మేరీలు ఎండలో పడి తలలు వాల్చేశాయి. మట్టయ్య వంగి వాటి ముందు కాసేపు కూర్చున్నాడు. భుజం మీది శాలువా తీసి, విదిలించి, నాలుగు కొసలూ సరిచేసి వాటి మీద పరిచాడు. తర్వాత ఆటో కోసం నడిచాడు.

టెంట్ కింద అందరూ భోజనాల్లో ఉన్నారు. హైవే మీద లారీ పోయినప్పుడల్లా ఎర్ర శాలువా ఒక అంచు లేచి పడుతోంది, ఆ అంచుకు షాపువాళ్లు గుచ్చిన గుండుసూది ఇంకా అలాగే ఉంది.