అసిటోన్ ఎవరిది?

పెళ్లై నెల తిరక్కుండానే కొత్త పెళ్లికూతురి నెత్తిన ల్యాబులో ఇంకో సంసారం పడింది. అవి గాలి తగిలితే చచ్చే బ్యాక్టీరియా. పూర్వం చక్కెర తిని అసిటోన్, బ్యుటనాల్ అనే ద్రావకాలు చేసిన వంశమే గానీ, ఇప్పుడు ఆ పని మరిచిపోయి, పులిసిన వాసన కొడుతూ సీసాల్లో కునుకు తీస్తున్నాయి. వాటిని లేపడానికి ఆమె స్విచ్చులా పనిచేసే చిన్న డీఎన్‌ఏ ముక్కను ద్రావకాలు చేయించే జన్యువు ముందు అతికించింది. ఇవాళ్టి పరీక్షలో ద్రావకం కనిపిస్తే బ్యాక్టీరియాను పెంచే పెద్ద ట్యాంకు ఆమెది. లేకపోతే పక్క బృందానిది.

స్విచ్చు పెట్టిన సీసాకు యంత్రం కాగితం మీద గీసిన గీతలో అసిటోన్ కొండలా లేచింది. ఆమె కుర్చీలోనే ఒక గంతు వేసింది. తర్వాత స్విచ్చు లేని బద్ధకపు మంద సీసా చూసింది. అక్కడా కొండే. చివరికి ఉత్త నీళ్ల సీసా కూడా అసిటోన్ చేస్తోంది.

కింది అంతస్తులో రంగుల రసాయనాలు కలిపే భర్తకు ఫోన్ చేసింది.

"ఏవండీ, నిన్న నా సీసాలు కడిగిపెట్టారు కదా, దేంతో?"

"అసిటోన్‌తోనోయ్. చిటికెలో ఆరిపోతాయి. మెరుస్తున్నాయి కదూ?"

"మెరుస్తున్నాయి. సాయంత్రం మాట్లాడుకుందాం."

ఆ మాటకి అర్థమేమిటో నెల రోజుల భర్తకైనా తెలుసు. రెండేసి మెట్లు ఎక్కుతూ వచ్చాడు.

మొదటి కాగితం ఒక్కటే చూపిస్తే ట్యాంకు చేతికొస్తుంది. ట్యాంకు ఎవరికో తేల్చే మేడమ్ గది గుమ్మం దగ్గర ఆమె కాళ్లు కాసేపు తటపటాయించాయి. ఆనక మూడు కాగితాలూ పెద్ద మేడమ్ బల్ల మీద పరిచింది.

"నీళ్లు కూడానా?" అంది మేడమ్.

"మా ఆయన సాయం చేశారండీ."

మేడమ్ కళ్లజోడు సవరించుకుని మొదటి గీత చివర వేలు పెట్టింది. అక్కడ చిన్న బొడిపె. "మరి ఈ బ్యుటనాల్?"

కొండ చూసిన మురిపెంలో ఆమె బొడిపెను చూడనే లేదు. గబగబా మిగతావి వెతికింది. "నీళ్లలో లేదండీ. స్విచ్చు లేనివాటిలోనూ లేదు."

మేడమ్ గుమ్మంలో నిలబడ్డ భర్త వైపు తల తిప్పింది. "ఏం బాబూ, బ్యుటనాల్‌తో కూడా కడిగావా?"

"లేదండీ, ఆ వాసన నాకు పడదు."

"అయితే అసిటోన్ మీ ఆయనది, బ్యుటనాల్ నీది. ట్యాంకు తీసుకో. సీసాలు మాత్రం నువ్వే కడుక్కో."

వరండాలో అతను మెల్లగా అడిగాడు. "ఇక నేనేం కడగక్కర్లేదా?"

"ఎందుకక్కర్లేదూ? ఇంట్లో గిన్నెలున్నాయి," అంటూ ఆమె అతని చెయ్యి పట్టుకుంది. "సబ్బుతో."