ఎక్కడ వాలింది?

లెక్కల టీచర్ తరగతిలోకి రాగానే ముందు కిటికీలు మూస్తుంది, తర్వాతే సుద్దముక్క పట్టుకుంటుంది. పిల్లల ధ్యాసలు పిట్టలు కదా! పాఠం వింటున్నంతసేపూ బల్లల మీద బుద్ధిగా కూర్చుంటాయి, కాస్త విసుగేస్తే తుర్రుమంటాయి. ఏ బడిలోనైనా ఉండే తలనొప్పే.

అందరి పిట్టలూ ఒక ఎత్తు, మూడో బెంచీ పిల్ల పిట్ట ఒక ఎత్తు. అది తలుపు సందులోంచైనా దూరిపోయేది. "మళ్ళీ ఎగిరిందా?" అని టీచర్ రోజూ తల పట్టుకునేది. ఈరోజు మాత్రం ఆవిడ కిటికీ గడియలు రెండేసిసార్లు చూసుకుంది. పెద్ద మేడమ్ స్వయంగా చూడ్డానికి వస్తున్నారు. పిట్ట ఎగిరిందంటే పిల్ల కింది తరగతికి పోవాల్సిందే.

"ఈ ఒక్క పీరియడూ గట్టిగా పట్టుకోవే తల్లీ," అని టీచర్ పిల్ల చెవిలో బతిమాలింది.

పెద్ద మేడమ్ వస్తూనే కుడి భుజం గుమ్మానికి కొట్టుకున్నారు. గుమ్మాన్నే కసురుకుని కూర్చున్నారు. సీసాలో నీళ్ళు గ్లాసులో పోయబోయి పక్కన పోశారు. టీచర్ గబగబా భిన్నాలు మొదలెట్టింది. పిట్ట రెక్కలు విదిల్చింది. టీచర్ గొంతు పెంచింది. అయినా పిట్ట లేచింది!

తరగతంతా లేచి నిలబడింది. "అదిగో!" "పట్టుకోండే!" ఒకటే గోల. పిట్ట గదంతా గిర్రున తిరిగి పెద్ద మేడమ్ కుడి భుజం మీద వాలింది.

"చూశారా టీచర్? బయటికి పోనే పోయింది," అన్నారు పెద్ద మేడమ్, మూసిన కిటికీకేసి చూస్తూ.

"మీ భుజం మీదే ఉంది మేడమ్," అంది పిల్ల మెల్లగా. "మీకు అటుపక్క కనబడట్లేదు కదూ? ఇందాక గుమ్మం కూడా కనబడలేదు."

ఆవిడ చెయ్యి కుడి కంటి మీదికి పోయింది. "పొద్దున్నుంచీ కంట్లో నల్ల తెరలా దిగుతోంది," అన్నారు పెద్ద మేడమ్. "నిద్ర చాలక అనుకున్నాను."

"భిన్నాలు తర్వాత, లేవండి మేడమ్!" టీచర్ ఆవిడ చెయ్యి పట్టుకుని పరుగుపరుగున కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. ఇంకో రోజు ఆగితే ఆ కన్ను పోయేదని ఆయన చీవాట్లు పెట్టాడు.

డాక్టరు గది బయట బల్ల మీద కూర్చున్న టీచర్‌కి సిగ్గేసింది. ఎగిరిందా అని అడగడమేగానీ, ఆ పిట్ట ఎక్కడికి పోతోందని తను ఒక్కనాడూ అడగలేదు.

కొన్నాళ్ళకి కంటికి కట్టుతోనే పెద్ద మేడమ్ బడికి వచ్చారు. కింది తరగతి మాట మళ్ళీ ఎత్తలేదు. ఆ మధ్యాహ్నమే మూడో బెంచీ పిట్ట మళ్ళీ లేచింది. కిటికీలన్నీ బార్లా తెరిచే ఉన్నాయి.

"మళ్ళీ ఎగి..." అనబోయి టీచర్ నాలుక కరుచుకుంది. "ఎక్కడ వాలిందే?"

"గేటు దగ్గర, టీచర్. ఎవరో ఏడుస్తున్నారు."

టీచర్ సుద్దముక్క బల్ల మీద పడేసి గేటు వైపు పరిగెత్తింది.