శనివారపు రొట్టె

నేను ఒక ఇనుప కుండను. బరువెక్కువ, అందం తక్కువ. కరిగిన ఇనుమును ఇసుక అచ్చులో పోస్తే పుట్టాను. నా మూత కూడా నాతోనే పుట్టింది. మిషన్ ఆసుపత్రి దొరసాని నన్ను ఓడలో ఈ గోదావరి ఊరికి తెచ్చి, తిరిగి వెళ్ళిపోతూ తన వంటమనిషి కెజియమ్మకు ఇచ్చింది. మనుషులు ఊరు వదిలేటప్పుడు మోయలేని వాటినే ప్రేమగా ఇస్తారు.

నాతో పాటు కెజియమ్మకు ఒక పనీ దక్కింది. నెలకోసారి చర్చిలో ప్రభువు బల్ల దగ్గర అందరికీ పంచే రొట్టె చేయాలి. శుక్రవారం మైదాలో పొంగడానికి కాస్త కల్లు పోసి కలిపేది. శనివారం నన్ను వట్టిగానే బాగా కాల్చి, పొంగిన ముద్దను నాలో వేసి, మూత పెట్టి దానిమీద నిప్పులు పోసేది. ఆవిరి లోపలే తిరిగి తిరిగి, మూత తీసేసరికి రొట్టె చుట్టూ గట్టిపడ్డ పెచ్చు చిటపటలాడేది. చర్చికి కావలసింది మాత్రం లోపలి మెత్తని తెలుపే. అందుకని పెచ్చంతా కోసేసేది. పైనున్న పెచ్చు తనకు, అడుగుపెచ్చు భర్త దైవసహాయానికి. ఇద్దరూ పెరట్లో కూర్చుని టీలో ముంచుకు తినేవారు.

దైవసహాయం పోయాక కూడా అడుగుపెచ్చును నాలో దాచి మూత పెట్టేది. మర్నాడు అదీ తనే తినేది. ఆ గడప తొక్కే మనిషి ఇక ఒక్కడే, రొట్టె కోసం వచ్చే చర్చి కాపలాదారు. అతను వచ్చే రోజు కోసమే ఆవిడ నెలంతా బతికేది.

ఇంతలో కొత్త పాస్టరు వచ్చారు. కల్లు సంగతి ఎవరో ఆయన చెవిన వేశారు.

"ప్రభువు బల్లకి కల్లు రొట్టేంటమ్మా?"

"నలభై ఏళ్ళ నుంచీ తింటన్నారండయ్యగారూ. ఒక్కళ్ళూ తూల్లేదండి."

ఆయనకు నవ్వు రాలేదు. "ఇకమీదట బేకరీ నించి తెప్పిస్తాంలెండి. మీకూ శ్రమ తప్పుద్ది."

"నాకు శ్రమేం లేదండి," అంది కెజియమ్మ. అప్పటికే ఆయన చెప్పులు వేసుకుంటున్నారు. బేకరీ రొట్టె దేనితో పొంగుతుందో ఆయన అడిగి ఉండరు.

మరుసటి నెల కూడా ఆవిడ నన్ను కాల్చింది. పెచ్చు కోసి, తెల్లని భాగాన్ని ఉతికిన గుడ్డలో చుట్టి గడప దగ్గర కూర్చుంది. పొద్దు వాలినా ఎవరూ రాలేదు. మర్నాడు చర్చి నుంచి వచ్చి ఆ మూట విప్పి కోళ్ళకు వేసింది. నాకు ఏడుపొచ్చింది. ఇనుము ఏడిస్తే తుప్పే.

ఇప్పుడు నా మూత నీళ్ళ బిందె మీద ఉంది. నేను పెరట్లో చూరు కింద ఉన్నాను. నెలనెలా ఆ శనివారం మాత్రం కెజియమ్మ టీ తెచ్చుకుని నా పక్కన కూర్చుంటుంది. ముంచుకోవడానికి ఏమీ ఉండదు.