జత కుదరని డ్రైవులు

కంప్యూటరు సామాన్ల కొట్టు తెరిచిన రోజున అతని దగ్గర ఉన్నవి రెండే. ఒకటి చిన్నాన్న వదిలేసిన గాజు బీరువా, రెండోది ఎవరేమడిగినా తడుముకోకుండా "గ్యారంటీ" అనగల నోరు. ఆ నోటి చలవ వల్ల బజారులో అతనికి గ్యారంటీ అన్న పేరే స్థిరపడింది. అసలు పేరు కరెంటు బిల్లుకు మిగిలింది. వ్యాపారంలో అతను నమ్ముకున్న సూత్రం కూడా ఒక్కటే: ఖరీదైన సరుకు అమ్మినవాడు మాట పడడు.

హార్డ్ డ్రైవుల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆ సూత్రం అతని బుర్రను తొలిచేది. రెండు డ్రైవులు పక్కపక్కన పెడితే కవల పిల్లల్లా ఉంటాయి. కొలత ఒకటే, దాచుకునే చోటూ ఒకటే. ఒకటి ఇళ్ళలో కంప్యూటర్లకు పెట్టేది, ఇంకొకటి పెద్ద ఆఫీసుల సర్వర్లలో రేయింబవళ్ళు తిరిగేది. ధరలో మాత్రం ఆకాశానికీ భూమికీ ఉన్నంత తేడా. ఎందుకని డీలరును అడిగితే "అది సర్వర్ గ్రేడండీ" అన్నాడు. ఉప్పెందుకు ఉప్పగా ఉందంటే ఉప్పు కాబట్టి అన్నట్టు. గ్యారంటీ రెండింటినీ అరచేతుల్లో పెట్టుకుని తూచి చూశాడు. కొంచెం బరువు తేడా ఉన్నట్టూ అనిపించింది, లేనట్టూ అనిపించింది.

అంతలో వదినకు బ్యాకప్ పెట్టె కావలసి వచ్చింది. ఆవిడ పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేస్తుంది. పెట్టెలో రెండు అరలుంటాయి, అరకొక డ్రైవు. వేసిన బొమ్మ రెండింట్లోనూ ఒకేసారి చేరుతుంది. ఒకటి పాడైనా రెండోది కాపాడుతుంది. సొంత వదిన కదా, నాసిరకం ఇవ్వలేడు. అలాగని ఆవిడ మీద మోయలేని భారమూ వేయలేడు. అందుకని ఒక అరలో సర్వర్ డ్రైవు, రెండో అరలో ఇంటి డ్రైవు బిగించాడు.

"బలానికొకటి, చవకకొకటి. ఇక నిశ్చింతగా ఉండండి వదినా. గ్యారంటీ!"

కొన్ని నెలలు గడిచాక ఒక ఉదయం ఆవిడ ఫోన్ చేసింది.

"ఏం మరిదీ, నీ గ్యారంటీ ఎర్రలైటు వేసుకుని కూర్చుంది. వచ్చి పలకరిస్తావా?"

మాట వెటకారంగానే ఉంది కాని, ఆవిడ జవాబు కోసం ఆగకుండా ఫోన్ పెట్టేసింది. అతను వెళ్ళేసరికి వదిన గుమ్మంలోనే ఎదురైంది. కొత్త పుస్తకంలోని ఆఖరి కథ బొమ్మలు ఎల్లుండికల్లా ప్రెస్సుకు చేరాలి. ఆ బొమ్మలున్న ఫైళ్ళు కొన్ని తెరుచుకోవడం లేదు.

"గీసిన టాబ్లెట్లో ఉంటాయిగా?"

"నిండిపోయిందని తుడిచేశాను. పెట్టెలో రెండేసి కాపీలుంటాయన్నది నువ్వే కదా? మూడోది నా నుదుటి మీద గీసుకోవాల్సిందా?"

గ్యారంటీ మాట మార్చి, పెట్టె ఎక్కడుందని అడిగాడు. ఆవిడ వెనక వసారాలోకి తీసుకెళ్ళింది. వాషింగ్ మెషీన్‌కు ఆనించి గోడకు కొట్టిన చెక్క మీద ఉంది పెట్టె. కింద మెషీన్ బట్టలు పిండుతోంది. దాంతోపాటు చెక్కా, చెక్కతోపాటు పెట్టే పూనకం వచ్చినట్టు ఊగుతున్నాయి.

అతను గబగబా మెషీన్ ఆపాడు. "ఇక్కడెవరు పెట్టమన్నారు వదినా దీన్ని?"

"నీ సర్వర్ దొరగారే! మొదట నా పనిగదిలోనే పెట్టాను. ఆయన తిరగడం మొదలెడితే లోడు లారీ ఎత్తు ఎక్కుతున్నట్టే ఉండేది. మీ అన్నయ్య రెండు రాత్రులు చెవుల్లో దూది పెట్టుకుని, మూడోరోజు నువ్వైనా ఉండు, అదైనా ఉండనీ అన్నారు. ఆఖరి కథ మొదలెట్టేముందు ఇక్కడికి మార్చాను."

గ్యారంటీ వంగి చూశాడు. ఎర్రలైటు ఇంటి డ్రైవు అర మీద వెలుగుతోంది. అతని ప్రాణం లేచొచ్చింది.

"చూశారా! చతికిలబడింది చవకది. ఖరీదైంది రాయిలా ఉంది."

కాని ఆ రాయినే ఆఖరి కథ అడిగితే సగం బొమ్మలిచ్చింది. మిగతా వాటికి కొద్ది క్షణాలు చూసి, చదవలేనని చెప్పేసింది. మళ్ళీ అడిగాడు. మళ్ళీ అదే జవాబు, అంతే తొందరగా. ముక్కుపిండి ధర వసూలు చేసిన దొర ఇంత సులువుగా చేతులెత్తేయడం ఏమిటి? అంత కంగారులోనూ అతనికి తెలుసుకోవాలనే అనిపించింది. ఒక పెద్ద ఆఫీసు సర్వర్ గదిలో పనిచేసే మిత్రుడికి ఫోన్ కలిపాడు. ఆ గది చలికి మండువేసవిలో కూడా ఉన్నికోటు వేసుకుని తిరిగే మనిషి. అందరూ స్వెట్టర్ అంటారు. వదిన పెట్టె సంగతంతా చెప్పి అడిగాడు.

"ఒరేయ్ స్వెట్టరూ, సర్వర్ డ్రైవుకి ఓపిక ఉండదా?"

"ఉండకూడదురా! అది పదిమంది ఉన్న ఆఫీసులో ఉద్యోగి. ఒక ముక్క చదవలేకపోతే కాసేపు చూసి, నావల్ల కాదు, పక్కవాణ్ణి అడగండి అంటుంది. పక్కవాడు ఎప్పుడూ ఉంటాడని దాని ధీమా. వెయ్యిమంది క్యూలో నిలబడి ఉంటే ఒక్క ముక్క పట్టుకుని కూర్చుంటే ఎలా?"

"మరి ఇంటి డ్రైవో?"

"దానిది ఒంటరి కాపురం. తను చదవకపోతే చదివే దిక్కులేదు. అందుకని ఉడుంపట్టు పడుతుంది. అదే ముక్కను గీకుతూనే ఉంటుంది. నీ పెట్టెకేమో అంతసేపు ఆగడం రాదు. పలకడం లేదు కాబట్టి పోయిందనుకుని వెలివేసుంటుంది."

"అంటే పోలేదా?"

"నాడి చూడకుండా నన్నడిగితే? ఎర్రలైటు వచ్చాక కొత్తగా ఏమైనా గీశారా ఆవిడ? లేదా? మంచిది. దాన్ని బయటికి తీసి విడిగా కంప్యూటరుకు కలుపు. దాంట్లో ఏమీ రాయకు, చదివించు చాలు. అన్నట్టు, ఎద్దునీ దున్ననీ ఒకే కాడికి కట్టిన మహానుభావుడెవర్రా?"

"సిగ్నల్ సరిగా లేదు" అని గ్యారంటీ ఫోన్ పెట్టేశాడు.

వెలివేసిన డ్రైవును పనిగది బల్ల మీదకు తెచ్చి, కింద తువ్వాలు మడతపెట్టి, తీగ కలిపాడు. వదిన కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది. ఆఖరి కథ అడిగాడు. మొదటి బొమ్మ వచ్చింది. రెండోది వచ్చింది. దొరగారు కాదన్నవి ఒక్కొక్కటే తెర మీద వరసకట్టాయి. వదిన ఒక్కో బొమ్మనూ పెద్దది చేసి చూసుకుంటోంది, బడి నుంచి వచ్చిన పిల్లల మోకాళ్ళు చూసుకున్నట్టు.

ముగింపు బొమ్మ దగ్గర డ్రైవు ఆగింది. ఒక ఏనుగు చిన్న గొడుగు కింద దూరాలని చూసే బొమ్మ అది. ఎన్నో వారాలు కూర్చుని గీసింది. కిర్రు కిర్రుమని గీకుడు మొదలైంది. తెర మీద ఎంత వచ్చిందో చూపే గీత కదలడం లేదు. గ్యారంటీ చెయ్యి తీగ మీదికి వెళ్ళింది.

"పీకేస్తాను వదినా. పూర్తిగా చచ్చిపోతే ఉన్నదీ పోతుంది."

"మిగతావన్నీ వచ్చేశాయిగా, ఇంకేం పోతుంది?" ఆవిడ అతని చెయ్యి తోసేసింది. "నీ కొట్లోంచి బేరం కుదరకుండా మనిషి వెళ్ళిపోతుంటే ఎంతసేపు పట్టుకుంటావు?"

"తలుపులు దించేదాకా."

"దాన్నీ పట్టుకోనీ."

ఇద్దరూ కూర్చున్నారు. కాఫీ తాగారు. అన్నయ్య వచ్చి తొంగిచూసి, ఈ కొత్త చప్పుడేమిటని అడగబోయి, భార్య మొహం చూసి వెనక్కి తగ్గాడు. గీకుడు ఒకసారి ఆగినట్టే ఆగి మళ్ళీ మొదలైంది. గ్యారంటీ ఆ చప్పుడు వింటూ, ఇన్నేళ్ళూ తాను అమ్మినవేమిటో మొదటిసారి చూస్తున్నట్టు దానివైపు చూస్తూ ఉండిపోయాడు. చివరకు టక్కుమంది. తెర మీద ముందు గొడుగు, తర్వాత తొండం, తర్వాత ఏనుగంతా దిగింది.

వదిన కళ్ళు తుడుచుకుని, వెంటనే బొమ్మలన్నీ ప్రెస్సుకు పంపేసింది. తర్వాత అతని వైపు తిరిగింది. "సరే. ఇప్పుడు ఏది మంచిదంటావు మరిదీ?"

"గ్యారంటీగా చెప్పలేను" అన్నాడు. ఆ మాట అతని నోట రావడం అదే మొదలు. "వాషింగ్ మెషీన్ ఊపుకి ఈ రెండూ దెబ్బతిన్నాయి, రెండూ మారుస్తాను. ఇలాంటి పెట్టెల కోసమే చేసిన రకం ఒకటుంది. అటు దొర కాదు, ఇటు ఒంటరీ కాదని కొట్లో పట్టించుకోలేదు. అవి రెండు, ఒకే జాతివి పెడతాను. చప్పుడు తక్కువ, మీ గదిలోనే ఉంటాయి. ఇంకో కాపీ మా ఇంట్లో. అద్దె అడగను."

"అద్దె కింద ఏనుగు బొమ్మ ఇస్తాలే."

ఇంటికి నడుస్తూ అతను ఆ పూట లెక్క వేసుకున్నాడు. పోయినవి రెండు డ్రైవులు, ఒక సూత్రం. మిగిలింది వదిన పుస్తకం, పేజీ తగ్గకుండా. పైగా వచ్చిన లాభం ఒక ప్రశ్న. ఇకమీదట డ్రైవు కోసం వచ్చినవాళ్ళను ధర చెప్పేముందు అడగాల్సింది: "ఇది ఏ గదిలో ఉంటుంది, తోడెవరు?"