నాయిక మాట్లాడని అధ్యాయం

వానకన్నా ముందు దాని వాసన వస్తుంది.

ఉప్పు వాసన. నాచు వాసన. ఎండిన సున్నపురాయి ఉన్నట్టుండి చెమర్చిన వాసన. నబీ దానియాల్ వీధిలో పాత పుస్తకాల బల్లల మీద కాగితాలు ఆ గాలికి ముందే మెత్తబడతాయి. అట్టలు వంగుతాయి. పుటలు ఉబ్బుతాయి.

సముద్రం పక్కన పుస్తకాలకూ ఊపిరి ఉంటుంది.

అలెగ్జాండ్రియాలో శీతకాలపు గాలివానలు చుట్టాల వంటివి. వాటికి పేర్లున్నాయి, వచ్చే వారాలున్నాయి. చీపురులా వీధులు ఊడ్చేది మక్నసా. దాని వెనక ఖాసిమ్. దాని వెనక ఫైదా. చలి పోతూ పోతూ ఎముకలు కొరికేది హుసూమ్. అన్నిటికన్నా ఆఖరున, మార్చి వెళ్ళిపోతుండగా — ఔవా.

ఔవా తరువాత గాలి లేదు, అంటారు ముసలి బెస్తలు.

ఆ ఒక్క సామెత మీద ఒక నవల నిలబడి ఉంది. ఆ వీధిలో పాత పుస్తకాలు అమ్మే బహీగా తాతల నాటి నవల. పేరు ‘ఆఖరి గాలి’. పడవలు కట్టే సాహిర్ కోపంలో భార్య నవార్‌కు తలాక్ చెబుతాడు. నవార్ పుట్టింటికి పోతుంది. తలాక్ తరువాత ఆగవలసిన ఇద్దత్ గడువు నడుస్తుంది... తుఫాను తరువాత తుఫాను వచ్చిపోతుంది. ఇక గడువు రేపటితో చెల్లిపోతుందనగా, ఔవా గాలిలో, తడిసి ముద్దయి, సాహిర్ ఆమె గుమ్మంలో నిలబడతాడు.

‘నిన్ను నా ఇంటికి మళ్ళించుకున్నాను’ అంటాడు.

అంతే. అంతకు మించి ఆ నవలలో ఏమీ లేదు.

ఆ అంతే కోసం ఊరు ఊరంతా పడి చస్తుంది.

తండ్రి నుంచి వచ్చిన పుస్తకాల బల్ల వెనక కూర్చుని బహీగా ఇన్నేళ్ళూ ఆ నవలనే అమ్ముతూ వచ్చింది. కొన్నవాళ్ళు మళ్ళీ కొంటారు. "చదివేశానక్కా, అయినా ఇవ్వు." "మా అత్త దాచేసి ఇవ్వనంటోంది, నాకొకటి పారెయ్యి." "మా ఆయనకి కనపడేచోట పెడతాను... తగలనీ కళ్ళకి!" ఏ పాత ప్రతిని బల్లమీద నిలబెట్టినా అది దానంతటదే తెరుచుకుంటుంది — ఆ ఆఖరి అధ్యాయం దగ్గరే. అక్కడ కాగితం బొటనవేళ్ళకు నల్లబడి ఉంటుంది. ఉల్లిపాయ వాసన వేస్తుంది. కన్నీళ్ళకు ముడుచుకుని ఉంటుంది.

ఎందుకు చదువుతారు?

ఈ ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరు ఎప్పుడో ఒక మాట అన్నారు. లేదా అనవలసిన మాట అనలేదు. ఆ పుట మాత్రం ప్రతిసారీ ఆ మాటను వెనక్కి తీసుకువస్తుంది... అలిసిపోకుండా, విసుక్కోకుండా.

బహీగాకు ఆ నవల నచ్చదు. అయినా కంఠస్థం వచ్చు.

ఆమె ఇంట్లో మాట జారింది ఫైదా గాలి వీస్తున్న ఓ సాయంకాలం. ఆమె భర్త రిఫాత్ ట్రామ్ నడిపి, తడిసి, చలికి వణుకుతూ ఇంటికి వచ్చాడు. పొయ్యి మీద ములూఖియా ఆకుపులుసు చల్లారి ఉంది. బహీగా ఓ పాత ప్రతిలో పుటలు పోయాయేమోనని చూసుకుంటోంది.

"ఈ కొంపలో మనిషికన్నా పుస్తకానికే వెచ్చదనం ఎక్కువ" అన్నాడు.

"అందులో మనుషులకి మాట్లాడ్డం వచ్చు" అంది, తలెత్తకుండా.

అతను తలాక్ అన్నాడు.

పింగాణీ పళ్ళెం పగిలినట్టయింది. ఇద్దరూ ముక్కల వంక చూశారు. ఎవరూ వంగి ఏరలేదు. అన్న మాటను దాచుకునే మనిషి కాడు రిఫాత్. మరునాడు ఖాజీ దగ్గరికి వెళ్ళి రాయించి వచ్చాడు. బహీగా ఇబ్రాహీమియాలోని తల్లి ఇంటికి చేరింది.

ఆ ఇంటి కిటికీ కింద ట్రామ్ పట్టాలున్నాయి. రిఫాత్ నడిపే దారి అది.

ఇద్దత్ నడిచినంతకాలం మగవాడు ఒక్క మాటతో భార్యను మళ్ళించుకోవచ్చు. ఆమెను అడగనక్కరలేదు. గడువు దాటిందా — మళ్ళీ నికా, మళ్ళీ మహర్ సొమ్ము, మళ్ళీ ఆమె ‘ఒప్పుకున్నాను’ అనాలి. సరే, గడువును లెక్కపెట్టేదెవరు? ఆడదాని ఒళ్ళు. మూడు నెలసరులు. ఆమె అయిందంటే అయింది, కాలేదంటే కాలేదు. ఖాజీ సైతం ఆమె మాటే నమ్మాలి.

నవల రాసిన పెద్దమనిషికి ఈ సంగతి తెలియదు. లేదా రాయడానికి సిగ్గుపడ్డాడు. ‘మూడు నెలవంకలు’ అని రాసి ఊరుకున్నాడు. చంద్రుడి లెక్క ముట్లుడిగిన వాళ్ళకు. నవార్‌కు పందొమ్మిదేళ్ళు! ఆ పుట వచ్చినప్పుడల్లా బహీగాకు పళ్ళు నూరుకోవాలనిపిస్తుంది. ఇంతమంది చదివారు. ఇంతమంది ఏడ్చారు. ఒక్కరైనా అడగలేదు.

చలికాలం నడిచింది.

రోజూ ట్రామ్ కిటికీ కింద మలుపు తిరిగింది. రోజూ గంట మోగింది. మలుపు దగ్గర ఎవరు నడిపినా మోగిస్తారు... అయినా ఆ గంటను ఆమె చెవి వేరు చేసి పట్టుకునేది.

గంట మాట కాదు.

ఓ ఉదయం పై అంతస్తు ఉమ్ హుస్నీ మెట్లమీదే కేకపెట్టింది. "సిత్ దౌలత్! ఓ సిత్ దౌలత్! మీ అల్లుడు పుస్తకం చదువుతున్నాడమ్మోయ్!"

"అల్లుడో, మాజీ అల్లుడో చూసి మాట్లాడు" అంది బహీగా తల్లి దౌలత్. "ఏం పుస్తకం?"

"ఇంకేం పుస్తకం! ట్రామ్ ఆగిన చోటల్లా తీస్తున్నాడట. అక్షరం కింద వేలు పెట్టి, నోరు కదుపుతూ — పాపం, బళ్ళో పిల్లాడిలాగా!"

బహీగా వంటింట్లోకి వెళ్ళి నీళ్ళ కుళాయి తిప్పింది. నీళ్ళ చప్పుడులో నవ్వింది. ఆ చప్పుడులోనే ఏడ్చింది.

అతను చదువుతున్నాడు. ఎప్పుడూ ఏ పుస్తకమూ ముట్టనివాడు.

అప్పటినుంచి ఆమె అతనితో పాటు లోలోపల చదవసాగింది. ఇవాళ పడవల రేవు దగ్గర ఉండి ఉంటాడు. ఇవాళ అత్తగారి శాపనార్థాల దగ్గర. ఆఖరి అధ్యాయం చేరితే వస్తాడు. తప్పక వస్తాడు.

కానీ అతను మెల్లగా చదువుతాడు.

ఒళ్ళు మెల్లగా చదవదు.

హుసూమ్ గాలి మొదలైన వారంలోనే మూడవది వచ్చింది. ముందుగా వచ్చింది — ఈ వయసులో అలాగే వస్తుంది, చెప్పాపెట్టకుండా. అది ఆగేలోగా అతను ఒక్క మాట అనాలి. ఒక్క మాట!

కిటికీలోంచి అరిచి చెప్పే సంగతి కాదది. ఇంకొకరి చేత పంపే కబురూ కాదు. ఆఖరి రోజున బహీగా శాలువా కప్పుకుంది, దిగి వెళ్ళింది, అతని ట్రామ్‌లో ఆడవాళ్ళ పెట్టె ఎక్కింది. అది ముందు పెట్టె. అద్దం అవతలే రిఫాత్ వీపు. అద్దం మీద ఎర్ర రంగుతో — ట్రామ్ నడుపువానితో మాట్లాడరాదు.

చుట్టూ ఆడవాళ్ళు. చేపల బుట్టలు, చంకబిడ్డలు, బడిపిల్లలు.

ఆమె అద్దాన్ని వేలితో తట్టింది. అతను పైనున్న చిన్న అద్దంలో చూశాడు. చూసి... ముఖం వెలిగిపోయింది. ఇన్నేళ్ళ కాపురంలో ఆ ముఖం అలా వెలగడం ఆమె చూడలేదు.

"రిఫాత్, విను—" అంది.

అతను వేలు పెదవుల మీద పెట్టుకున్నాడు.

ఆమెకు అర్థమైంది. పన్నెండవ అధ్యాయం. చేపల బజారులో నవార్, సాహిర్ ఎదురుపడే చోటు. ఒక్క మాటా అనుకోరు. సాహిర్ వేలు పెదవుల మీద పెట్టి, ఆ చేతినే గుండె మీద ఆన్చుకుంటాడు.

రిఫాత్ చెయ్యి గుండె మీదికి వెళ్ళింది.

పక్కనున్న లావుపాటి ఆవిడ బుట్ట దించి మరీ నిట్టూర్చింది. "అబ్బ! అచ్చం పుస్తకంలో లాగానే!"

బహీగాకు ఆ అద్దాన్ని పగలగొట్టాలనిపించింది. ఆ నవలవాడు రాసింది తప్పు! లెక్క తప్పు! నా ఒళ్ళు ఆ పుస్తకం చదవలేదు! — గొంతుదాకా వచ్చింది. చుట్టూ అన్ని కళ్ళు. చంకబిడ్డ కూడా ఆమెనే చూస్తున్నాడు. ముట్టు మాట, గడువు మాట, మొగుడు వెనక్కి తీసుకోవలసిన మాట... వాటిని ఏ నోటితో అంటుంది, అన్ని చెవుల మధ్య?

నవార్ లాగే ఊరకుంది.

ఆఖరి స్టేషను దాకా ఊరకుంది.

అక్కడ వేరే డ్రైవరు వచ్చి ఎక్కాడు. పర్యవేక్షకుడు రిఫాత్ భుజం మీద చెయ్యి వేసి లోపలికి తీసుకుపోయాడు. రిఫాత్ మాత్రం వెనక్కి తిరిగి మళ్ళీ పెదవుల మీద వేలు పెట్టాడు. నవ్వాడు. మంచిరోజు దాచుకున్నవాడి నవ్వు.

హుసూమ్ వెళ్ళిపోయింది.

ఆమె స్నానం చేసింది. జుట్టు ఆరబెట్టుకుంది. గడువు తీరేటప్పుడు చప్పుడేమీ ఉండదు. తువాలు మీంచి నీటిబొట్టు నేల మీద పడింది, అంతే.

తల్లి గుమ్మంలోనే పసిగట్టింది. "అయిపోయిందా?"

"అయిపోయింది."

"ఎవరికి చెప్పావు?"

"ఎవరికీ చెప్పలేదు."

"చెప్పకు. కడుపు లెక్క కడుపుకే తెలుసు. వాడొస్తాడు, ఆ మాటేదో అంటాడు, నువ్వు చెప్పులేసుకుని వెళ్ళిపో."

"అబద్ధంతో ఆ పడక ఎలా ఎక్కనమ్మా?"

"నిజంతో ఎక్కినవాళ్ళు ఏం బావుకున్నారే!" అని తల్లి జపమాల తీసుకుంది.

ఆ రోజులన్నీ బహీగా బల్ల దగ్గర ‘ఆఖరి గాలి’ని అమ్మలేదు. అట్టలు బోర్లించి పెట్టింది. అయినా తీసుకుపోయారు. ముందుగానే డబ్బు చేతిలో పెట్టి, కళ్ళు దించుకుని, దొంగతనం చేసినట్టు. ఓ పెళ్ళికూతురు తీసుకుపోయింది. ఓ ముసలావిడ తీసుకుపోయింది, భర్త పోయి ఎన్నేళ్ళో అయినావిడ. బహీగాకు కోపం వచ్చింది. అంత ఆశ అంత చౌకగా దొరక్కూడదు. ఒక పుస్తకం ఇంతమందికి అన్నం పెట్టకూడదు — పెట్టి, ఆకలి మాత్రం తీర్చకుండా...

ఔవా వచ్చింది.

పొద్దున్నుంచే సముద్రం గోడ దాటి రోడ్డు మీద పడింది. కిటికీ రెక్కలు కొట్టుకున్నాయి. మధ్యాహ్నం నమాజు కాగానే మెట్ల కింద గుసగుస. ఆ గుసగుస అంతస్తు తరువాత అంతస్తు ఎక్కింది. తలుపులు తెరుచుకున్నాయి. కబురు అతనికన్నా ముందు వచ్చింది.

రిఫాత్ గుమ్మంలో నిలబడ్డాడు.

తడిసి ముద్దయ్యాడు. కనుబొమల నుంచి నీళ్ళు కారుతున్నాయి. చేతిలో గొడుగు ఉంది. ముడిచి ఉంది.

మెట్ల నిండా ఆడవాళ్ళు. పై నుంచి ఉమ్ హుస్నీ, కింద నుంచి ఇంకెవరెవరో.

అతను గొంతు సవరించుకున్నాడు. ఎన్నిసార్లు చెప్పుకుని వచ్చాడో, ఒక్క అక్షరం తడబడలేదు.

"నిన్ను నా ఇంటికి మళ్ళించుకున్నాను."

ఉమ్ హుస్నీ నాలుక ఆడించి సంతోషపు కేక పెట్టింది. మెట్లన్నీ అందుకున్నాయి. దౌలత్ అప్పటికే కూతురి చెప్పులు తెచ్చి గుమ్మంలో పెట్టింది.

ఇక్కడ నవార్ తల వంచుకుంటుంది. అధ్యాయం ముగుస్తుంది.

బహీగాకు అప్పుడు తట్టింది. ఇన్నేళ్ళు అమ్మింది, కంఠస్థం చేసింది, లెక్క తప్పని పళ్ళు నూరింది... ఇది మాత్రం కనిపించలేదు. ఆ అధ్యాయంలో నవార్ ఒక్క మాట కూడా మాట్లాడదు. ఆమెను ఎవరూ ఏమీ అడగరు.

అబద్ధం చెప్పనక్కరలేదు. ఊరకుంటే చాలు.

ఆమెకు అతను కావాలి. ఆ తడిసిన కనుబొమలు కావాలి. ఆ వెలిగిన ముఖం కావాలి. ఊరకుంటే చాలు!

"గడువు తీరిపోయింది, రిఫాత్" అంది. "హుసూమ్ గాలిలోనే."

కేకలు ఆగాయి. ఎక్కడో పైన ఒకటి మాత్రం తెలియక కాసేపు సాగి, తెగింది.

"లేదు... రేపటిదాకా ఉంది కదా... మూడు నెలవంకలు..." అతని పెదవులు కదిలాయి, వేలు కింద అక్షరం వెతుక్కుంటున్నట్టు.

"చంద్రుడిది కాదయ్యా లెక్క. నాది."

"దీనికి జ్వరం, నాయనా" అంది దౌలత్. "ఏదో వాగుతోంది. నువ్వు తీసుకుపో."

"జ్వరం లేదమ్మా. ఆ రోజు ట్రామ్ ఎక్కింది అది చెప్పడానికే. నువ్వు నోరు మూసుకోమన్నావు."

"నేనా! నేను... అది... పుస్తకంలో—" అతను గుమ్మం పట్టుకున్నాడు. "అరిచి చెప్పాల్సింది, బహీగా! అద్దం పగలగొట్టాల్సింది!"

"పెట్టె నిండా ఆడాళ్ళు. ఎలా చెప్పను?"

"ఇప్పుడు మేమేమన్నా మగాళ్ళమా!" అంది ఉమ్ హుస్నీ. ఎవరో నవ్వారు. ఎవరో ఆమెను గిల్లారు.

రిఫాత్ గొడుగు వంక చూసుకున్నాడు. అది చేతికి ఎలా వచ్చిందో తెలియనట్టు చూసుకున్నాడు.

"మరి ఇప్పుడేం చెయ్యాలి?"

"అడగాలి."

"ఎవర్ని?"

"నన్ను."

అతను నోరు తెరిచాడు.

ఆ మాట ఏ పుటలోనూ లేదు. ముప్పై అధ్యాయాల్లో ఎక్కడా లేదు. అతను వెతుకుతున్నాడని ఆమెకు తెలుస్తోంది — రేవు దగ్గర, చేపల బజారులో, తుఫాను తరువాత తుఫానులో. ఆమె అందించదు. అందిస్తే అది మళ్ళీ ఆమె పుస్తకమే అవుతుంది.

మెట్ల మీద తలలు ముందుకు వంగాయి.

గాలి గుమ్మంలోంచి లోపలికి వచ్చింది. ఉప్పు. నాచు. తడిసిన ఉన్నికోటు.

మాట ఇంకా రాలేదు...